గడియారాల తేడా ప్రయాణ సమయం కాదు

సంపాదకులు గారికి,

నమస్కారములు.

గత నెల మీ పత్రిక ఆదివారం సంచికలో చెన్నై నుంచి వివిధ నగరాలకు ఉన్న విమాన దూరాన్నీ, ప్రయాణ సమయాన్నీ తెలియజేస్తూ ఒక పట్టిక ప్రచురించారు. ముప్పై ఒక్క సంవత్సరాలు నెల్లూరు జిల్లాలోని ఉన్నత పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం బోధించి, అక్షాంశాలు, రేఖాంశాలు, ప్రామాణిక కాలం అన్న పాఠాన్ని ప్రతి ఏటా నల్లబల్ల మీద గీసి చెప్పినవాణ్ణి కాబట్టి, అటువంటి పట్టిక కనిపిస్తే చివరి వరుస వరకు చూడకుండా ఉండలేను. సొంత విమానాశ్రయం లేని మా జిల్లాలో చెన్నైయే మాకు ఆకాశమార్గపు గుమ్మం. గల్ఫ్‌లో బిడ్డలున్న తల్లిదండ్రులు మీ పట్టికను కత్తిరించి క్యాలెండరు పక్కన అంటించుకున్నారు. వారు అంతగా నమ్మినందువల్లనే అందులోని పొరపాట్లను మీ దృష్టికి తేవడం నా బాధ్యత అనుకొని, కొంచెం వివరంగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

అన్నిటికంటె పెద్ద పొరపాటు సమయం గడిలో ఉంది. మీ పట్టిక చెన్నై నుంచి దుబాయ్‌కి 2 గంటల 45 నిమిషాలనీ, చెన్నై నుంచి సింగపూర్‌కి 6 గంటల 45 నిమిషాలనీ చెబుతున్నది. చదివినవారెవరైనా దుబాయ్ దగ్గరనీ, సింగపూర్ దానికి రెండింతలకు పైగా దూరమనీ అనుకుంటారు. నిజానికి భూగోళం మీద కొలిస్తే చెన్నై నుంచి ఈ రెండు నగరాలూ ఇంచుమించు ఒకే దూరంలో ఉన్నాయి. ఒకటి పడమర, ఒకటి తూర్పు. రెంటికీ సూటి దూరం 2,930 కిలోమీటర్లకు అటూ ఇటూగా తేలుతుంది. జెట్ విమానం రెండు చోట్లకూ దాదాపు నాలుగుంబావు గంటల్లో చేరుతుంది. ఉదయం పది గంటలకు చెన్నైలో బయలుదేరిన విమానం దుబాయ్‌లో దిగేటప్పటికి మన గడియారంలో రెండుంబావు అవుతుంది, కాని దుబాయ్ గడియారం మనకంటె గంటన్నర వెనుక నడుస్తుంది గనుక అక్కడ పన్నెండు ముప్పావు చూపిస్తుంది. అదే పది గంటలకు సింగపూర్‌కు బయలుదేరిన విమానం దిగేటప్పుడు అక్కడి గడియారం మనకంటె రెండున్నర గంటలు ముందు ఉంటుంది గనుక సాయంత్రం నాలుగు ముప్పావు చూపిస్తుంది. టికెట్టు మీద బయలుదేరే వేళ బయలుదేరే ఊరి గడియారం ప్రకారం, చేరే వేళ చేరే ఊరి గడియారం ప్రకారం ముద్రిస్తారు. పట్టిక తయారుచేసినవారు ఆ రెండు అంకెలను ఒకదానిలో నుంచి ఒకటి తీసివేసి, మిగిలినదాన్ని ప్రయాణ సమయం అనుకున్నారని నాకు స్పష్టంగా అర్థమవుతున్నది.

ఇందులో ఎనిమిదో తరగతి పిల్లవాడికి తెలియనిదేమీ లేదు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. ఒక డిగ్రీకి నాలుగు నిమిషాలు. మన దేశం మొత్తానికి 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం మీది కాలమే ప్రామాణికం. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరగా పోతుందని చెబితే పిల్లల కళ్లు మెరిసేవి. అయితే రేఖాంశం ఒక్కటి చూసి గడియారం లెక్క కట్టినా తప్పవచ్చు, ఎందుకంటే ఏ కాలాన్ని పాటించాలన్నది ఆ దేశ ప్రభుత్వం ఇష్టం. సింగపూర్ 104 డిగ్రీల తూర్పున ఉన్నా, 120 డిగ్రీల రేఖాంశపు కాలాన్ని పాటిస్తున్నది. కువైట్ 45 డిగ్రీల కాలాన్ని పాటిస్తున్నది గనుక మనకంటె రెండున్నర గంటలు వెనుక ఉంటుంది. అందువల్ల అట్లాసు దగ్గర పెట్టుకొని ఊహించడం కాక, ఏ దేశపు గడియారం మనకంటె ఎంత ముందో, ఎంత వెనుకో చూసి, ఆ తేడాను కలిపిగాని తీసివేసిగాని సరిచేసిన తరువాతనే అసలు సమయం వస్తుంది.

కువైట్ వరుస గురించి ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే దాని మూలంగా ఒక తల్లి పడిన బాధను నేను కళ్లారా చూశాను. మా వీధి చివర ఉండే ఆమె కొడుకు కువైట్‌లో డ్రైవరుగా పనిచేస్తున్నాడు. మూడేళ్ల తరువాత సెలవు మీద వస్తున్నాడు. మీ పట్టికలో చెన్నై, కువైట్‌ల మధ్య 2 గంటల 45 నిమిషాలని ఉంది. అతడు వెళ్లిన రోజు కూడా పదింటికి ఎక్కి, అక్కడి గడియారంలో పన్నెండు ముప్పావుకు దిగానని ఫోన్ చేసి ఉన్నాడు గనుక ఆమెకు ఆ అంకె మీద అనుమానం రాలేదు. తిరుగు ప్రయాణంలో రాత్రి పది గంటలకు విమానం అని చెప్పాడు. తెల్లవారుజామున నాలుగున్నరకు ఆమె మా తలుపు తట్టింది. "అయ్యవారూ, పదింటికి విమానం అన్నాడు. మూడు గంటల దారి గదా, ఒంటిగంటకే దిగాల. తెల్లారవస్తా ఉంది, ఇంకా ఫోన్ లేదు, బిడ్డకేమన్నా అయిందేమో" అని ఏడుస్తూ గడప మీదనే కూలబడింది. నేను కాగితం తీసుకొని లెక్క వేసి చూపాను: అక్కడి రాత్రి పది అంటే మనకు పన్నెండున్నర, దారి ఐదు గంటలకు కొంచెం తక్కువ, కాబట్టి విమానం ఐదు దాటాక గాని చెన్నైలో దిగదు. ఆమె తల ఊపిందే గాని ఆ మాట ఆమె మనసుకు పట్టలేదు. ఆరు గంటలకు పది నిమిషాలుందనగా ఫోన్ మోగింది. ఆ గంటా ఇరవై నిమిషాలు ఆమె మా వసారాలో కూర్చున్న తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్లున్నది. చెన్నై నుంచి కువైట్‌కు సూటి దూరమే సుమారు 3,780 కిలోమీటర్లు. ఏ ప్రయాణికుల విమానమూ అంత దూరాన్ని మూడు గంటల లోపల చేరలేదు. గంటకు ఎనిమిది వందల నుంచి తొమ్మిది వందల కిలోమీటర్లు వాటి మామూలు వేగం. దూరాన్ని ఆ వేగంతో ఒక్కసారి భాగించి చూసి ఉంటే ఆ వరుస అచ్చులోకి వెళ్లేది కాదు.

దూరం గడిలో దొర్లిన తప్పు వేరే రకానిది. దుబాయ్‌కి మీరు 2,540 కిలోమీటర్లు అని వేశారు. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. విమానయానంలోనూ, నౌకాయానంలోనూ దూరాన్ని నాటికల్ మైళ్లలో లెక్కిస్తారు. చెన్నై, దుబాయ్‌ల మధ్య అది దాదాపు 1,580. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. మన రోడ్ల మీద పూర్వం రాళ్లు నాటిన మైలు 1.609 కిలోమీటర్లు. 1,580ని మొదటి దానితో గుణిస్తే 2,926 వస్తుంది, రెండవ దానితో గుణిస్తే 2,542 వస్తుంది. తేడా 380 కిలోమీటర్లకు పైమాట. నెల్లూరు నుంచి హైదరాబాదుకు సూటి దూరం అంత కూడా లేదు, అది సుమారు 360 మాత్రమే.

నాటికల్ మైలు అంటే పరాయి కొలత అనుకోనక్కరలేదు. అక్షాంశంలో ఒక డిగ్రీని అరవై నిమిషాలుగా విభజిస్తే, అందులో ఒక నిమిషపు పొడవే నాటికల్ మైలు. దీనిని బోధించడానికి మా జిల్లాకు మించిన చోటు లేదని నా నమ్మకం. నెల్లూరు, కావలి పట్టణాలు దాదాపు ఒకే రేఖాంశం మీద, ఎనభై డిగ్రీల రేఖను ఆనుకొని ఉన్నాయి. కావలి నెల్లూరుకు తిన్నగా ఉత్తరాన ఉంది. అక్షాంశాల తేడా సుమారు 28 నిమిషాలు. అంటే 28 నాటికల్ మైళ్లు, మన లెక్కలో 52 కిలోమీటర్లు. రైలు పట్టాల పొడవు కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. కొండలూ, పెద్ద వంపులూ లేని మా కోస్తా నేల మీద పటం మీది గీతా, పట్టాలూ ఒకటై పోయాయన్నమాట. అన్ని ఊళ్ల మధ్యా అలా కుదరదు. చెన్నై, హైదరాబాదు విమానాశ్రయాల మధ్య సూటి దూరం 505 కిలోమీటర్ల పరిసరాల్లో ఉంటే, నెల్లూరు, ఒంగోలు, అద్దంకి, నార్కట్‌పల్లి మీదుగా రోడ్డు ఆరు వందలు దాటుతుంది. మీ పట్టికలో కొన్ని వరుసల్లో సూటి దూరమూ, హైదరాబాదు వరుసలో మాత్రం రోడ్డు దూరమూ పడ్డాయి. ఏది ఏ కొలతో చెప్పకుండా ఒకే నిలువు గడిలో పెట్టడం వల్ల పోల్చుకునేవారికి దారి తప్పుతుంది.

సూటి దూరం సరిగా వేసినా విమానం ఆ గీత మీదనే పోదన్న సంగతి కూడా పాఠకులకు ఒక వాక్యంలో చెప్పి ఉంటే బాగుండేది. మధ్యలో కొన్ని దేశాల గగనతలం మూతపడి ఉంటుంది. 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసివేయడంతో ఢిల్లీ నుంచి పడమటి దేశాలకు వెళ్లే మన విమానాలు చుట్టు తిరిగిపోవలసి వచ్చింది. మాకు దగ్గరి ఉదాహరణే కావాలంటే, 2022 దాకా మా జిల్లాలోనే ఉండి ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరిన సూళ్లూరుపేట మండలంలోని శ్రీహరికోట ఉంది. అక్కడ రాకెట్ ఎగిరే రోజున బంగాళాఖాతం మీద నిర్ణీత గంటల పాటు కొంత గగనతలాన్ని ఖాళీ చేయిస్తారు; ఆ సంగతి పైలట్లకు ముందుగానే తెలియజేస్తారు.

గాలి సంగతి ఇంకా ఆసక్తికరమైనది. శీతకాలంలో ఉత్తర భారతం మీద, విమానాలు ఎగిరే పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలి ప్రవాహం ఉంటుంది. దానికి ఎదురుగా పోయే విమానానికి ఆలస్యం, దానితో పాటు పోయేదానికి లాభం. కువైట్‌కు పోయేటప్పుడు ఐదు గంటలు దాటే దారి, వచ్చేటప్పుడు ఐదు గంటలకు లోపే ముగియడానికి ముఖ్య కారణం ఇటువంటి గాలులే. మన దక్షిణాది మీద వర్షాకాలంలో మరింత ఎత్తున దీనికి విరుద్ధంగా తూర్పు నుంచి పడమరకు వీచే ప్రవాహం ఒకటి ఏర్పడుతుంది. దానిని గురించి 1958లో ప్రపంచానికి వివరించి చెప్పిన శాస్త్రవేత్త పి. కోటేశ్వరం గారు తెలుగువారు కావడం మనం పిల్లలకు గర్వంగా చెప్పుకోవలసిన విషయం. పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు కనిపించకపోవడం నాకు ఎప్పుడూ లోటుగానే తోచేది. గాలి ఎంత పని చేయగలదో తెలియాలంటే 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు నడిపిన విమానాన్ని తలచుకోవాలి. ఆ రెండు నగరాల మధ్య సూటి దూరం సుమారు 12,380 కిలోమీటర్లు. అంతకుముందు అట్లాంటిక్ మీదుగా పోయే దారి దాదాపు 13,900 కిలోమీటర్లు ఉండేది. పసిఫిక్ మీదుగా పంపిన ఆ విమానం దాదాపు 15,300 కిలోమీటర్లు ఎగిరింది, అయినా వెనుక నుంచి తోసిన గాలి వల్ల సుమారు రెండు గంటలు ముందుగా, పద్నాలుగున్నర గంటల్లో చేరింది. ఎక్కువ దూరం తక్కువ సమయం పట్టిన ఈ ప్రయాణాన్ని నేను రిటైరయ్యే ముందు చివరి తరగతికి పాఠంగా చెప్పాను.

ఇక మా జిల్లా వాళ్లకు అన్నిటికంటె ఎక్కువగా అవసరమైన విషయానికి వస్తాను. చెన్నై నుంచి హైదరాబాదుకు గంటా పది నిమిషాలని మీ పట్టికలో ఉన్నది. అది విమానం నిలిచిన చోటు నుంచి కదిలిన క్షణం మొదలుకొని అక్కడ ఆగే క్షణం వరకు పట్టే కాలం. ఆ అర్థంలో తప్పు కాదు. నెల్లూరు మూలాపేటలో ఉండే మా అక్కయ్యకు డెబ్బై నాలుగేళ్లు, మోకాళ్ల నొప్పులు. సికింద్రాబాదులో డాక్టరును చూడవలసి వచ్చినప్పుడు, బెంగళూరులో ఉన్న మా మేనల్లుడు ఈ పట్టిక చూసి, రైల్లో అంతసేపు అమ్మ కూర్చోలేదని విమానానికి టికెట్టు తీశాడు. ప్రేమతో చేసిన పనే. తెల్లవారుజామున నాలుగింటికి కారులో బయలుదేరి, నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ దాటి, రెడ్‌హిల్స్ దగ్గర లారీల మధ్య చిక్కుకొని, ఏడు ముప్పావుకు విమానాశ్రయం చేరారు. పది గంటలకు విమానం. పదకొండుంబావుకు శంషాబాదులో దిగి, సామాను తీసుకొని, మళ్లీ కారెక్కి సికింద్రాబాదు చేరేసరికి ఒంటిగంట. మొత్తం తొమ్మిది గంటలు. అందులో గాలిలో గడిపినది గంట మాత్రమే. మిగిలినదంతా కారులో ముడుచుకొని కూర్చోవడం, వరుసల్లో నిలబడడం. అక్కయ్య ఆ రాత్రి కాళ్లు చాచలేకపోయింది.

2023 ఏప్రిల్ నుంచి సికింద్రాబాదు, తిరుపతిల మధ్య నడుస్తున్న వందే భారత్ నెల్లూరులోనూ, ఒంగోలులోనూ ఆగుతుంది. నెల్లూరు నుంచి సికింద్రాబాదుకు అది ఆరున్నర గంటలకు కాస్త అటూ ఇటూగా చేరుస్తుంది. సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో పడుకుంటే తెల్లవారేసరికి సికింద్రాబాదు వస్తుంది. ఈ సంగతులు అక్కయ్యకు తెలియనివి కావు. అయితే అచ్చులో గంటా పది నిమిషాలని చూసినప్పుడు, చదువుకున్న కొడుకు చెప్పినప్పుడు, ఆమె తన అనుభవాన్ని పక్కన పెట్టింది. అచ్చు అక్షరానికి మా తరం ఇచ్చే విలువ అటువంటిది, అందుకే దాని భారం కూడా మీ మీద ఎక్కువగా ఉంటుంది.

నెల్లూరు నుంచి చెన్నై విమానాశ్రయం 180 కిలోమీటర్లకు తక్కువ కాదు, కావలి నుంచి అయితే మరో యాభై కలుపుకోవాలి. రేణిగుంట విమానాశ్రయం నెల్లూరుకు 130 లోపునే ఉన్నా, అక్కడి నుంచి దొరికే విమానాలు తక్కువ. ఒంగోలు వారికి గన్నవరం 160 కిలోమీటర్లు దాటుతుంది. కందుకూరు వారికి అటు గన్నవరమూ దూరమే, ఇటు చెన్నయీ దూరమే. దగదర్తిలో విమానాశ్రయం వస్తుందన్న మాటను మేము ఏళ్ల తరబడి వింటున్నాం. అది వచ్చిన రోజున ఈ లెక్కలన్నీ మారుతాయి, అందుకు మాకంటె సంతోషించేవారు ఉండరు. అంతవరకు కోస్తా జిల్లాల పాఠకుడికి పనికివచ్చే అంకె ఇంటి గుమ్మం నుంచి చేరవలసిన గుమ్మం వరకు పట్టే కాలమే. దేశంలో ప్రయాణానికి రెండు గంటలు, విదేశాలకు మూడు గంటలు ముందుగా విమానాశ్రయం చేరమని విమాన సంస్థలే చెబుతున్నాయి గనుక, ఆ సమయాన్నీ, ఊరి నుంచి విమానాశ్రయానికి పట్టే సమయాన్నీ కలిపి, దాని పక్కనే రైలుకు పట్టే సమయాన్నీ వేస్తే, ఎవరి ఆరోగ్యాన్ని బట్టి, ఎవరి స్తోమతను బట్టి వారు నిర్ణయించుకుంటారు. మీ జిల్లా సంచికలో ఈ పని చేయడం పెద్ద కష్టం కాదని భావిస్తున్నాను. నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు పట్టణాలకు నాలుగు చిన్న పట్టికలు సరిపోతాయి. లెక్కలు సరిచూడడానికి నా సహాయం కావాలంటే సంతోషంగా చేస్తాను.

ఆ పట్టికలు వచ్చేలోగా, పాత పట్టికకు సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను. దూరం గడి మీద "విమానాశ్రయాల మధ్య సూటి దూరం, కిలోమీటర్లలో" అనీ, సమయం గడి మీద "గడియారాల తేడా సరిచేసిన తరువాత" అనీ రాయండి. చోటు చాలకపోతే మిగిలినవి ఆపి, కువైట్ వరుస ఒక్కటైనా ముందుగా వేయండి: సుమారు 3,780 కిలోమీటర్లు, పోవడానికి ఐదుంబావు గంటలు, రావడానికి ఐదు గంటల లోపు, అక్కడి గడియారం మనకంటె రెండున్నర గంటలు వెనుక. మా వీధిలోని ఆ తల్లి మీ పాత పట్టికను ఇంకా గోడ మీద నుంచి తీయలేదు. కొడుకు వచ్చే నెల తిరిగి వెళుతున్నాడు. మీ సవరణ వచ్చిన రోజు ఆ కాగితం పట్టుకెళ్లి ఆమెకు చదివి వినిపించి, పాతదాని మీద అంటించి వస్తాను.

ఇట్లు,
విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు,
కావలి, నెల్లూరు జిల్లా